ముత్తాత రాసిన కాగితం

తొంభైల్లో బహ్రెయిన్‌లో ఇంటిపని చేసేదాన్ని. ఒకరోజు గుదైబియా పేటకెళ్లే బస్సులో ఒక ముసలాయన నా పక్కన కూర్చున్నాడు. ట్రినిడాడ్ నుంచి వచ్చిన చిత్రకారుణ్ణని చెప్పి, సంచిలోంచి పాత కాగితం తీశాడు.

“ఇండియా నుంచి ట్రినిడాడ్‌కి కూలికొచ్చిన మా ముత్తాత రాశాడు. నలభై ఏళ్లుగా ఈ అక్షరాలే నా బొమ్మల్లో వేస్తున్నాను. అర్థం మాత్రం తెలీదు. మీ భాషేనామ్మా?” అని ఇంగ్లీషులో అడిగాడు.

ఇంటి నుంచి నాకొచ్చే ఉత్తరాల్లోని అక్షరాలే అవి. అవునంటే చదవమంటాడు. నాకు చదువు రాదు.

“కాదు సార్,” అన్నాను.

ఆయన కాగితం జాగ్రత్తగా మడిచి, థాంక్స్ చెప్పి దిగిపోయాడు.

వారం తర్వాత మా మేడమ్ పేపర్లో ఆయన ఫోటో చూపించింది. “చాలా పెద్ద ఆర్టిస్టట. నిన్ననే వాళ్ల దేశం వెళ్లిపోయాడు,” అంది.

నా ఉత్తరాలు చదివిపెట్టే పద్మ మా గదిలోనే ఉండేది. ఆయన్ని ఆమె దగ్గరికి తీసుకెళ్తే సరిపోయేది. నాకు చదవడం రాదని చెప్పడానికి సిగ్గుపడి, ఆ పెద్దమనిషికి అబద్ధం చెప్పి పంపేశాను.