అద్దె పద్దులో రాసిన గోడ

2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పుడు నేను చిత్తూరులో లైసెన్సున్న బీమా సర్వేయర్ని. నష్టం జరిగిన చోటికి వెళ్లి, కొలిచి, ఎంత చెల్లించవచ్చో కంపెనీకి నివేదిక రాయడం మా పని. ఆ నెల నాకు అప్పగించిన ఇళ్లలో తిరుచానూరు దారిలో సరోజమ్మ అనే రిటైర్డ్ టీచరుది ఒకటి. నాలుగు పోర్షన్లు, నాలుగూ అద్దెకిచ్చినవే. వెనక గోడ మొత్తం కూలిపోయింది. అద్దెకున్నవాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

ప్రీమియం తగ్గుతుందని ఆమె ఇంటి విలువలో సగానికే బీమా చేయించింది. అలాంటప్పుడు మరమ్మతు ఖర్చులోనూ సగమే వస్తుంది. ఆ మాట చెబితే, "మిగతా సగం గోడ ఎవురు కడతారు సార్, వానదేవుడా?" అంది.

పాలసీలో అద్దె నష్టమని మరో పద్దు ఉంది. ఇల్లు కాపురానికి పనికిరాని నెలలకు అద్దె చెల్లిస్తారు. ఒక పద్దులో కోత పడితే ఇంకో పద్దులో సర్దడం మా వృత్తిలో కొందరికి అలవాటు. దాన్ని సాయమనే అనుకునేవాళ్లం. మూడు నెలల్లో తేలిపోయే పనికి పది నెలలు పడుతుందని రాశాను. డబ్బు వచ్చింది, గోడ లేచింది. "సల్లగుండాల సార్ మీరు" అని ఫోన్ చేసింది.

ఏడాది దాటాక ఆదాయపు పన్ను నోటీసు పట్టుకుని బస్సెక్కి మా ఇంటికొచ్చింది. కూలిన గోడకని వచ్చిన సొమ్మయితే ఆమెకు పన్ను పడేది కాదు. అద్దెకు బదులుగా వచ్చింది మాత్రం ఆదాయమే. పెన్షనుతో కలిపి పన్ను వేశారు. ఆ డబ్బంతా గోడకే పెట్టానని ఆమె రసీదులు చూపించినా అధికారి ఒప్పుకోలేదు. కంపెనీ కాగితాల్లో అద్దె అనే ఉంది. రాసింది నేను.

"నాకొచ్చింది గోడ దుడ్డు కదా సార్. అద్దె యాడొచ్చింది? ఆ ముక్కే ఒక కాగితం మీద రాసియ్యండి, సాలు."

రాసిస్తే నా నివేదిక తప్పని నేనే ఒప్పుకున్నట్టు. లైసెన్సు పోతుంది. కుదరదన్నాను.

"అబద్ధమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కట్టేది మాత్రం నేనొక్కదాన్నా?"

నా భార్య తెచ్చిన కాఫీ ముట్టకుండానే ఆమె లేచి వెళ్లిపోయింది.

పన్ను, వడ్డీ కట్టడానికి ముందరి పోర్షను మూడేళ్లు భోగ్యానికి ఇచ్చిందని తర్వాత తెలిసింది. భోగ్యమంటే ఇంట్లో దిగేవాళ్ల దగ్గర పెద్ద మొత్తం ఒకేసారి తీసుకోవడం, గడువు తీరాక తిరిగి ఇవ్వడం. అన్నాళ్లూ నెల అద్దె ఉండదు.

నష్టం ఏ పద్దులో జరిగితే ఆ పద్దులోనే రాయాలి. తక్కువ వస్తే తక్కువేనని ముఖాన చెప్పాలి. సర్వేయరు చేసే సాయానికి సంతకం మాత్రమే అతనిది, ఖర్చు ఇంటివాళ్లది. నేను రిటైరయ్యేనాటికి నా లైసెన్సు మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు.