తోడికోడలు దెప్పిన రవ్వలు

మొన్న కంట్లో శుక్లం తీయించుకుని ఇంటికొచ్చి చూద్దును కదా, ఇన్నాళ్లూ మీగడ రంగనుకున్న మా గోడ తెల్లగా ఉంది! మన ఈడు వాళ్లకు ఈ సంబరం విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ తెలుపు చూస్తుంటే, పిల్లలు పెద్దవాళ్లయ్యాక, నలభై ఆరేళ్ల వయసులో, రోజూ చిక్కడపల్లి నుంచి నడిచి వెళ్లి నారాయణగూడలో ఒక చిన్న రవ్వల నగల కొట్టులో పనిచేసిన రెండువేల పది నాటి రోజులు గుర్తొచ్చాయి.

రవ్వకు రంగు ఎంత తక్కువైతే అంత విలువని మా సేటు గారు నేర్పారు. తెల్ల కాగితం మడిచి, అందులో రవ్వను బోర్లించి, పొద్దుటి వెలుగులో పక్కనుంచి చూడాలి. పైనుంచి చూస్తే ఆ తళుకే మనల్ని మోసం చేస్తుంది. కడగని రాయికి రంగు చెప్పొద్దని కూడా పదిసార్లు చెప్పారు. నేను వింటేగా.

ఒక శుక్రవారం అశోక్‌నగర్ నుంచి ఒక పెద్దావిడ వచ్చి, చెవుల దుద్దులు తీసి నా చేతిలో పెట్టింది. పెళ్లికి తల్లి పెట్టినవట. నీళ్లలాంటి తెల్ల రవ్వలని తల్లి చెబితే, పసుపుపచ్చ రాళ్లు అంటగట్టారని యారాలు, అంటే తోడికోడలు, నలభై ఏళ్లుగా దెప్పుతోందట. నిజమేదో తేల్చమంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నేను ఒక్క చూపు చూసి, కొంచెం పసుపేనండీ అనేశాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

“మా అమ్మ అబద్ధమాడేటిది కాదు బిడ్డా,” అని మాత్రం అంది.

నా ప్రాణం ఉసూరుమంది. దుద్దులు తిరిగిచ్చేస్తుంటే నా వేలికొసకు పచ్చగా ఏదో అంటింది. తలెత్తి చూస్తే ఆవిడ చెంపల నిండా పసుపు. శుక్రవారం శుక్రవారం రాసుకున్న పసుపూ, నూనే ఇన్నేళ్లుగా రాళ్ల వెనక పేరుకుపోయాయన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. గబగబా కుంకుడు రసంలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తోమి, సేటు గారి ముందు పెట్టాను. ఆయన భూతద్దంతో చాలాసేపు చూసి, తల్లి మాటే నిజమన్నారు.

ఆవిడ దుద్దులు పెట్టుకుని, అద్దంలో అటూ ఇటూ చూసుకుని, నా చెయ్యి పట్టుకుంది. “ఇగ నడువు, మా యారాలికి నువ్వే చెప్పు.”

సేటు గారు నవ్వుతూ గంటసేపు సెలవిచ్చారు. అశోక్‌నగర్‌లో ఆ యారాలు ఈవిడ చెవులు పట్టుకుని మరీ పరీక్షగా చూసి, లోపలికి వెళ్లి, తన దుద్దులు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“నావి గూడ జర కడుగు.”

ముగ్గురం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.

ఇప్పుడు రవ్వతోపాటే దాని రంగు రాసిన కాగితమూ వస్తోంది, ఎవరినీ అడగక్కర్లేదు. పసుపు రాసుకునేవాళ్లూ తగ్గారు కనుక రాళ్లు తెల్లగానే ఉంటున్నాయి. ఎటొచ్చీ, వాటిని చూసి కుళ్లుకోవడానికి పక్క వాటాలో తోడికోడలే ఉండటం లేదు.