ఆ ఏడు రెండు పస్కాలు

మొన్న మా అమ్మాయి బజారు నుంచి సలాడ్ ఆకులని ఏవో తెచ్చి గిన్నెలో కడుగుతుంటే, ఊరికే ఒక రెమ్మ తీసుకుని వేళ్ల మధ్య నలిపాను. పచ్చి ఆవాలు నూరినప్పటి ఘాటు, దాని వెనకే సన్నటి చేదు. "జర్జీర్!" అని అరిచేశాను. "కాదమ్మా, అరుగులా" అని దిద్దింది మా అమ్మాయి, తను కనిపెట్టిన ఆకు అయినట్టు. ఏ పేరుతో అమ్మితేనేం, నాకది గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా కూరగాయల బజారులో తడి గోనెపట్టా మీద కట్టలుగా పోసి అమ్మిన జర్జీరే. అది ముక్కుకు తగిలిందంటే నాకు పదేళ్లు, పక్కన చేతిలో సంచీతో మా మిర్యామక్క, తల మీద మార్చి నెల ఎండ.

మా నాన్న అక్కడ కొండల కింద రాళ్ల క్రషర్‌లో ఫిట్టర్. కంపెనీ క్వార్టర్లంటే వరసగా కట్టిన రేకుల ఇళ్లు, వాటి వెనక పగలంతా గరగరమనే మిషను. పొద్దున లేచి దుప్పటి దులిపితే బియ్యప్పిండి లాంటి తెల్లటి దుమ్ము లేచేది, దాన్ని తుడవటంతోనే అమ్మకు సగం రోజు గడిచిపోయేది. చలికాలం తెల్లవారుజామున సముద్రం వైపు నుంచి మంచు వచ్చి కొండల్ని మింగేసేది, వేసవిలో కుళాయి విప్పితే టీ పెట్టుకునేంత వేడి నీళ్లు వచ్చేవి. మేము సముద్రపు ఒడ్డున ఏరుకొచ్చిన గవ్వలతో గచ్చకాయలు, రాతి పలకలతో తొక్కుడుబిళ్ల ఆడుకునేవాళ్లం. రాళ్లకు మాత్రం మాకెప్పుడూ కొరత లేదు.

మేము యూదులం. గుంటూరు వైపు నుంచి వెళ్లిన తెలుగు యూదులం అంటే ఈ రోజుకీ జనం ఒకసారి ఆగి మళ్లీ అడుగుతారు, ఇక ఎనభైల్లో, ఆ దేశంలో, మా నోటితో మేము చెప్పుకునే మాట కాదది. మిర్యాము, ఎస్తేరు, యోసేపు అన్న పేర్లు విని అందరూ మమ్మల్ని కిరస్తానీలనుకునేవాళ్లు. మేమూ కాదనేవాళ్లం కాదు. "అడిగితే అబద్ధం చెప్పొద్దు, అడక్కపోతే నిజం చెప్పొద్దు" అన్నది నాన్న నియమం. అలా పెదవి బిగించుకుని బతకటం పిల్లలకు కష్టమేమీ కాదు, నిజానికి సరదాగానే ఉండేది. పెద్దవాళ్లకే లోపల గుబులు.

అసలు చిక్కంతా శనివారంతో. మాకది దేవుడిచ్చిన విశ్రాంతి రోజు. ఆ దేశంలో అప్పుడు సెలవు శుక్రవారం, శనివారం వారానికి మొదటి పనిరోజు. నాన్న క్రషర్‌కు, మేము బడికి వెళ్లక తప్పేది కాదు. అందుకని చేతనైనంతలో చేసేవాళ్లం. శుక్రవారం పొద్దు కుంకకముందే మర్నాటికి కావలసిన పెన్సిళ్లన్నీ చెక్కి పెట్టుకోవాలి, శనివారం మొన ఎన్నిసార్లు విరిగినా చెక్కకూడదు. అమ్మ రెండు రోజుల కూర వండి గుడ్డ చుట్టి పెట్టేది. మాంసం తిన్న పూట మజ్జిగ తాకకూడదన్న నియమం ఒక్కటే నాన్నకు మింగుడు పడేది కాదు. "మజ్జిగన్నం లేకపోతే అది భోజనం ఎట్టా అవుద్దే?" అని ప్రతిసారీ గొణిగేవాడు, ప్రతిసారీ పాటించేవాడు.

ఇదంతా మాకు నేర్పినవాడు సమూయేలు తాత. క్రషర్ స్టోర్‌లో పనిచేసేవాడు. ప్రార్థనలు, హీబ్రూ అక్షరాలు, పండగల లెక్క అన్నీ ఆయన తలలోనే ఉండేవి. ప్రతి శుక్రవారం మా వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. నేను, మా తమ్ముడు, నీళ్ల ట్యాంకర్ నడిపే యోసేపు మామ పిల్లలు ముగ్గురు, అంతే ఆ బడి. ఇంతలో రోజులు చెడ్డాయి. కట్టడాల పని తగ్గింది, రాళ్లు కొనేవాళ్లు లేరు, క్రషర్ వారంలో సగం రోజులు మూగబోయేది. ఆ నిశ్శబ్దం దుమ్ము కన్నా ఎక్కువగా మమ్మల్ని బాధపెట్టింది. ముదీర్, అంటే మేనేజరు, ఒక్కొక్కళ్లనే పిలిచి ఖలాస్ అంటున్నాడు, ఇంటికి పంపేస్తున్నాడు. మొదటి విడతలోనే సమూయేలు తాత వంతు వచ్చింది. వెళ్లేరోజు ఆయన మా అక్కను పిలిచి, "అమ్మా, ఈ పిల్లలు నీ చేతిలో" అన్నాడు. అక్కకు అప్పుడు పదిహేడేళ్లు.

యోసేపు మామకు ఇది మొదటినుంచీ నచ్చలేదు. మంచివాడే, కాని గొంతు ట్యాంకర్ హారన్ లాంటిది. "ఆడపిల్ల పాఠం చెప్పటమేందయ్యా? నాలుగు వారాలు చూద్దాం, కుదరకపోతే మూసేద్దాం. అసలే రోజులు బాగాలేవు" అన్నాడు నాన్నతో. అక్క మాత్రం శుక్రవారం మసీదు నుంచి పిలుపు వినపడే వేళకు చాప పరిచి కూర్చునేది. తాతకు ఓపిక ఎక్కువ, అక్కకు కోపం ఎక్కువ. పాఠం రాకపోతే చెవి మెలిపెట్టేది, వస్తే ఖర్జూరప్పండు నోట్లో పెట్టేది. ఆ చెవి నొప్పీ ఆ తీపీ కలిసే నాకు చదువు వచ్చింది.

ఆ ఏడాది పస్కా దగ్గర పడింది. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా ఉన్న మా పూర్వీకులు పిండి పొంగేదాకా ఆగకుండా పొంగని రొట్టెలతోనే బయటపడ్డారని, ఏడాదికోసారి నిండు పున్నమి నాడు మొదలుపెట్టి వారం రోజులు మేమూ పొంగని రొట్టె తింటాం. తాత ఉన్నప్పుడు తారీఖు ఆయన చెప్పేవాడు. ఇప్పుడు అక్కే తేల్చాలి. కిందటేడు పండగ రజబ్ నెల పున్నమికి వచ్చిందని అక్కకు బాగా గుర్తు. కిరాణా కొట్టువాడిచ్చిన గోడ క్యాలెండర్‌లో అరబ్బు నెలలుండేవి. అవీ చంద్రుణ్ణి బట్టే, మావీ చంద్రుణ్ణి బట్టే. కాబట్టి ఈసారీ రజబ్ పున్నమే అని ధీమాగా చెప్పేసింది.

అందరం నమ్మాం. అమ్మ పులిసిన ఇడ్లీ పిండి పారబోసింది. ఇల్లంతా మూలమూలనా ఊడ్చి పాత రొట్టె ముక్క మిగలకుండా చూశాం. గోధుమపిండి తడపటం ఆలస్యం, ఉబ్బకముందే పెనం మీద పడాలి. అమ్మ ఒత్తుతుంటే అక్క కాలుస్తూ "యల్లా, యల్లా" అని మమ్మల్ని తరిమేది. బానిసత్వపు చేదుకు గుర్తుగా జర్జీర్, తీపికి ఖర్జూరం వేరుశనగలు కలిపి దంచిన ముద్ద, ద్రాక్షరసానికి ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లు. యోసేపు మామ కూడా వారమంతా ట్యాంకర్‌లో ఆ ఎండు రొట్టెలే నమిలాడు, పక్కవాళ్లు వేడివేడి ఖుబ్జు రొట్టె కూరలో ముంచుకుని తింటుంటే చూస్తూ. ఎంత కష్టపడ్డాడో అంత గొప్పగా చెప్పుకున్నాడు.

పండగ అయిపోయిన కొన్నాళ్లకు పక్కింటి నూర్జహాన్ చాచీ మా గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. వాళ్లది నెల్లూరు. మాట రంజాను మీదికి మళ్లింది.

"ఈసారి రంజాను ఎండల్లో పడతా ఉండాది. మా పండగలింతే మేయ్, ఏటికేడు ముందుకు జరిగి ఒకసారి చలిలో, ఒకసారి ఎండలో వస్తాయి. మీయి గూడా అట్నే తిరగతాయా?"

"లేదు చాచీ, మావి..." అని అక్క ఆగిపోయింది. మా పస్కా ఎప్పుడూ వేసవి మొదట్లోనే రావాలి. అది జరిగిపోకుండా రెండు మూడేళ్లకోసారి ఒక నెల అదనంగా కలుపుతారు, మన పంచాంగంలో అధికమాసం లాగే. ఆ సంగతి తాత చెప్పనే చెప్పాడు. అరబ్బు క్యాలెండర్‌లో అధికమాసం ఉండదు, అక్క దాన్ని పట్టుకుని లెక్క కట్టింది. చేటలో బియ్యం ఏరటం అయ్యేలోపే అక్క వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టేసింది. అధికమాసం ఈ ఏడే. అసలు పస్కా వచ్చే పున్నమికి.

ఎవరికీ తెలియదు కదా, ఊరుకోవచ్చు. అమ్మ ఆ మాటే అంది కూడా. అక్క వినలేదు. ఆ శుక్రవారం అందరూ చేరాక వరండాలో నిలబడి, "తప్పు నాది. నెల ముందే చేయించాను. పండగ మళ్లీ చేసుకోవాలి" అంది. తల వంచలేదు.

యోసేపు మామ లేచాడు. "అయితే నేను వారం రోజులు నమిలిన రొట్టెలు లెక్కలోకి రావంటావా?"

నాకు నవ్వొచ్చింది. ఇంకెవరూ నవ్వలేదు.

"దూర ప్రయాణంలో ఉండి పస్కా కుదరనివాళ్లు మరుసటి నెలలో చేసుకోవచ్చని మోషేతో దేవుడే చెప్పాడు కదా మామా" అంది అక్క.

"అది ఆలస్యమైనోళ్లకమ్మా. మనం ముందే చేశాం!"

"ముందైతేనేం, దూరంలో ఉన్నవాళ్లమేగా."

మామ పిల్లల రెక్కలు పట్టుకున్నాడు. "తారీఖే తెలియని పంతులమ్మ దగ్గర నా పిల్లలేం నేర్చుకుంటారు? చాల్లే, ఇక పంపను" అని వెళ్లిపోయాడు. మిగిలింది నేను, తమ్ముడు. ఒక్క ఇంటి పిల్లలకు చెప్పేదాన్ని బడి అనరు. మామ రాకపోతే బడి అయిపోయినట్టే, రెండిళ్లు విడిపోయినట్టే, తాత అప్పగించింది అక్క చేతిలో పగిలినట్టే. పున్నమి దాకా అక్క శుక్రవారాలు చాప మాత్రం పెద్దదే పరిచేది. ఖాళీ జాగా చూస్తూ మాకు పాఠం చెప్పేది. నాకు యోసేపు మామ మీద అంతకు ముందెన్నడూ రానంత కోపం వచ్చింది.

పున్నమి వచ్చింది. కొండల మీద చంద్రుడు లేస్తుంటే మళ్లీ అవే రొట్టెలు, అదే జర్జీర్, అదే ఖర్జూరపు ముద్ద. నాన్న ఆ రోజు ఎందుకో మజ్జిగ ఊసే ఎత్తలేదు. తలుపు గడియ పెట్టి కూర్చున్నాం. అందరిలో చిన్నవాడు "ఈ రాత్రికీ తక్కిన రాత్రులకూ తేడా ఏమిటి?" అని అడగటం, పంతులు బానిసత్వం నుంచి బయటపడ్డ కథంతా చెప్పటం మా ఆచారం. తమ్ముడు నోరు తెరవబోతుంటే తలుపు దబదబా మోగింది.

నాన్న చేయి గాలిలోనే ఆగిపోయింది. అమ్మ రొట్టెల మీద గుడ్డ కప్పింది. అక్క మాత్రం లేచి, కొంగు సర్దుకుని వెళ్లి తలుపు బార్లా తీసింది. గడపలో అరబ్బు పిల్లలు, మెడలో జరీ సంచులు వేసుకుని పాటలు పాడుతున్నారు. షాబాన్ నెల పున్నమికి అక్కడి పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలు, పప్పులు అడుగుతారని మాకు తెలుసు, భయంలో మరిచిపోయాం. అక్క పళ్లెంలోని ఖర్జూరాలు, వేరుశనగలు దోసిళ్లతో వాళ్ల సంచుల్లో పోసింది. వాళ్లు కేరింతలు కొడుతూ పక్కింటికి పరిగెత్తారు. వాళ్ల వెనక, ఆ తెల్లటి వెన్నెల్లో, యోసేపు మామ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, పక్కన అత్త, ముగ్గురు పిల్లలు.

వచ్చి చాప ఖాళీ వైపున పిల్లల్ని కూర్చోబెట్టి తనూ కూర్చున్నాడు. ఇప్పుడు అందరిలో చిన్నవాడు మామ చిన్నకొడుకు దానియేలు, ప్రశ్న అడగటానికి గొంతు సవరించుకున్నాడు.

"ఆగరా" అన్నాడు మామ. "ఇయ్యాల నేనడుగుతా." అక్క వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి అడిగాడు. "ఏమ్మా, ఈ రాత్రికీ తక్కిన రాత్రులకూ తేడా ఏంది?"

పెద్దవాడు పిల్లవాడిలా అడిగాడంటే, ఎదురుగా ఉన్నది పంతులని ఒప్పుకున్నట్టే. అక్క రొట్టెల మీది గుడ్డ తీసింది. తరవాత కథ మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, ఆ క్రషర్ లేదు. ఆ దేశంలోనే సెలవులు మారి శనివారం బడులు మూసేస్తున్నారట, ముందు రోజే పెన్సిళ్లు చెక్కి పెట్టుకునే పని ఏ పిల్లకూ లేదు. మేమంతా తిరిగి వచ్చేశాం. అక్క గుంటూరులో ఇప్పటికీ పిల్లలకు పాఠం చెబుతుంది, ఇప్పటికీ చెవులు మెలిపెడుతుంది. యోసేపు మామ ఇంటి గోడకు మా పండగలన్నీ అచ్చువేసిన క్యాలెండర్ వేలాడుతూ ఉండేది. అయినా బతికినన్నాళ్లూ ప్రతి పండగకూ ముందు అక్కకు ఫోన్ చేసి, "ఏమ్మా, ఎప్పుడు?" అని అడిగి, ఆమె చెప్పిందే తారీఖుగా పెట్టుకునేవాడు. ఇప్పుడు తారీఖులన్నీ అందరి ఫోన్లలోనే ఉన్నాయి, నెల తప్పే భయమే లేదు. ఈసారి పస్కాకు రొట్టెలు కాలుస్తూ అక్క నాతో అంది, "మామ పోయాక నన్నెవరూ పండగెప్పుడని అడగటం లేదే."