ఓబులయ్య గొడుగు

కర్నూలుకు రాజధాని వచ్చినాక, ఇంటి బాడుగలతోపాటు ఇన్సూరెన్సు ఓబులయ్య కూడా ఊరి నెత్తికెక్కాడు. చంకలో ఎప్పుడూ నల్లగొడుగు. వానలో కూడా దాన్ని విప్పగా చూసినవాళ్లు లేరు. అది ఉన్నది మంది ఇళ్ల దూలాలను పొడవడానికి. చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి, దూలాన్ని పొడిచి, "ఎండిన కట్టె, అగ్గిరవ్వ పడితే అంతే" అని నాలుక చప్పరించేవాడు. ఇచ్చిన మజ్జిగ తాగి మీసం తుడుచుకునేలోగా ఇంటామెకు వణుకు పుట్టించేవాడు. లక్ష్మక్క మట్టిమిద్దెలోనూ అంతే. వంటింటి కప్పులో పొగ పోవడానికి వదిలిన గవాచి కింద, ఆ వెలుతురులోనే కూర్చుని కాగితం రాశాడు. "గవాచికి ఇనుప జాలీ బిగించాలని మునిసిపాలిటీవాళ్లు అంటాండారప్పా" అందామె. "దానికి శానా దుడ్లు అయితాయి లేక్కా. ఆ దుడ్లేవో ఈడ కట్టు, కంపెనీ చూసుకుంటాది" అన్నాడు. ఆమె నమ్మి కట్టింది.

ఎండాకాలంలో పక్క కొట్టం అంటుకుంది. నిప్పురవ్వలు గవాచిలోంచి వంటకట్టెల మీద పడ్డాయి. మిద్దె కాలి కూలిపోయింది. బూడిద చల్లారకముందే ఓబులయ్య వచ్చి, బొగ్గయిన దూలాన్ని గొడుగుతో పొడిచాడు.

"గవాచికి జాలీ యాడక్కా? రూలు తప్పినావు. కంపెనీ దమ్మిడీ ఇయ్యదు."

"వద్దన్నది నువ్వే కదప్పా!" అని లక్ష్మక్క అరిచింది.

కప్పు లేని ఆ వంటింట్లో మాడు పగిలే ఎండ. ఓబులయ్య మొట్టమొదటిసారిగా గొడుగు విప్పి, తన నెత్తిమీద పట్టుకున్నాడు.