చిలకమ్మ పంపిన నీళ్ళు

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో చిలకమ్మ నోటికి జడవని మనిషి లేడు. కుళాయి దగ్గర ఆమెకంటే ముందు బిందె పెట్టడానికి ఏ బెంగాలీ దీదీకీ గుండె చాలదు. తమ్ముడు ఎర్రయ్య మాట వస్తే మాత్రం ఆ నోరు మెత్తబడిపోయేది.

ఎర్రయ్యది పలాస పక్క ఉద్దానం పల్లె. జీడితోటని తుపాను ఊడ్చుకుపోయింది, మనిషిని కిడ్నీల జబ్బు పట్టుకుంది. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో అదే జబ్బు. ఎందుకొస్తోందో తేల్చి చెప్పినవాళ్ళు లేరు. చిలకమ్మకి మాత్రం అనుమానమే లేదు, అంతా ఆ బోరు నీళ్ళ వల్లే.

"రైల్లో నీళ్ళు పంపడమేటే, పిచ్చిదానా!" అని రైలింజన్ల షెడ్డులో డ్యూటీ దిగి వచ్చిన మొగుడు నవ్వాడు. నవ్వితే నవ్వాడు! వారం వారం నీళ్ళు కాచి, చల్లార్చి, కేన్లలో పోసి, ఏసీ పెట్టెలో దుప్పట్లిచ్చే ఏలియా చేతిలో పెట్టేది. పలాసలో ఎర్రయ్య కూతురు స్వాతి దింపుకునేది.

సాయంత్రానికల్లా ఫోను. "తాగినావేటిరా?"

"తాగినానప్పా," అనేవాడు తమ్ముడు. "కడుపు సల్లగుంది."

ఆ ఒక్క మాటతో చిలకమ్మకి వారమంతా గడిచిపోయేది.

ఆఖరికి ఎర్రయ్య పోయాడు. పల్లెకి పరిగెత్తిన చిలకమ్మ శవం మీద పడి తిట్టింది. "ఇన్ని నీళ్ళు పంపినాను కదరా, ఎలాగ సచ్చిపోనావురా!"

స్వాతి ఆమెని పొదివి పట్టుకుంది. "నాన్నకి నీళ్ళు తాగొద్దన్నారత్తా డాక్టర్లు. డయాలసిస్ మొదలైన కాణ్ణుంచీ గొంతు తడుపుకోడానికే ఇచ్చీవోళ్ళం. నీ కేన్లు నాకూ తమ్ముడికీ పోసీవోడు. 'అప్పకి సెప్పకండి, తెలిస్తే పంపడం మానేస్తాది' అన్నాడు."

అయ్యో! దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినవాణ్ణి తాగినావా, తాగినావా అని అడిగింది తనే కదా. "మానేస్తాననుకున్నాడా? నా తమ్ముడు నన్ను అంతే ఎరిగినాడా?" అంటూ కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

పెద్దకర్మ చేసి ఖరగ్‌పూర్ వచ్చిన మర్నాడే కేన్లు తోమింది. కుళాయి దగ్గర అందరూ బిందెలు తీసి దారిచ్చారు. ఏలియా కేన్లు ఎక్కించుకున్నాడు. సాయంత్రం ఫోను చేసింది.

"తాగినావేటమ్మా?"

"తాగినానత్తా," అంది స్వాతి.

చిలకమ్మ ఫోను పెట్టేయలేదు.

"అలాగే సెప్పీవోడమ్మా మీ నాన్న. గ్లాసు తే. నాను వింటుండగా తాగు."