గాలేలే, పోద్ది

బైబిలు మీద చెయ్యి పెట్టమంటే పెడతాను. ఒట్లు పెట్టుకోకూడదని మా పాస్టరుగారు అంటారు గానీ… ఇది జరిగింది. నాకే జరిగింది. కల అంటారేమో, ముందే చెప్తున్నాను. కల రావాలంటే ముందు నిద్ర పట్టాలి కదా. ఆ రోజుల్లో నాకు నిద్ర ఎక్కడిది?

యుద్ధం రోజులవి. గురజాల దగ్గర మా పల్లె. మా పెద్దాడు నెలల పిల్లాడు. పగలంతా బంగారంలా ఉండేవాడు. పొద్దుగూకితే మొదలు. కాళ్ళు రెండూ పొట్టలోకి ముడుచుకునేవాడు. పిడికిళ్ళు బిగించేవాడు. మొహం కందిపోయేది. పొట్ట మీద వేలితో తడితే డప్పులా మోగేది. ఇక ఏడుపు… మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగేవాడు చూడండి, అదొక్కటే మా ఇద్దరికీ ఆటవిడుపు.

ఊరంతా నా తిండి మీద పడింది. కందిపప్పు తిన్నావా, గోంగూర తిన్నావా అని. బాలింతకి వెల్లుల్లి కారం, చారెడు మెతుకులు తప్ప ఎవరు పెట్టారు గనక? పక్కింటి పిచ్చమ్మ పిన్ని అయితే గుమ్మంలో నిలబడే తేల్చేసింది.

"ఏమే రూతమ్మా, బిడ్డకి గాలి సోకిందే. సందెవేళ బయట తిప్పావు గదా. తాయెత్తు కట్టించు."

లోపలి నుంచి మా అత్త సంతోషమ్మ అరిచింది. "గాలేలేమ్మా! కడుపులో గాలి. దానికి ఇంగువ చాలు, తాయెత్తులెందుకు?"

మా అత్తకి సంతోషం పేరులోనే ఉంది. మొహంలో నేను చూసింది తక్కువ. కానీ బిడ్డ కడుపు నొప్పి తీయడంలో ఆమె చెయ్యే చెయ్యి. కాళ్ళు చాపుకుని కూర్చుని, వాణ్ణి మోకాళ్ళ మీద బోర్లా వేసుకునేది. బొడ్డు చుట్టూ ఇంగువ, ఆముదం. వీపు మీద అరచేత్తో తట్టడం కాదు, నిమరడం కాదు, రెండూ కలిసిన పనేదో చేసేది. కాసేపటికి వాడు పెద్దమనిషిలా తేన్చేవాడు. నేనూ అలాగే కూర్చునేదాన్ని. అలాగే తట్టేదాన్ని. నా చేతికి మాత్రం ఆ గాలి కదిలేది కాదు.

అలసట అంటే మీకు ఎలా చెప్పను… నిలబడే కునికేదాన్ని. ఒక రాత్రి దిండుని భుజాన వేసుకుని చాలాసేపు జోకొట్టాను. బిడ్డ మంచం మీద ఏడుస్తూనే ఉన్నాడు. అదీ నా పరిస్థితి.

మా ఆయన మాచర్ల వైపు బడిపంతులు. శనివారం సాయంత్రానికి గానీ ఇల్లు చేరేవారు కాదు. ఇది జరిగిన రోజు అత్త కూడా లేదు. చెల్లెలికి జ్వరమంటే చూడ్డానికి పొద్దున్నే దాచేపల్లి వెళ్ళింది. "ఇంగువ డబ్బాలో ఏం లేదే. వచ్చేటప్పుడు తెస్తా. సందేళకల్లా వచ్చేస్తా" అని చెప్పి వెళ్ళింది.

సందేళ అయింది. వాన పట్టుకుంది. అత్త రాలేదు. వాగు వచ్చి ఉంటుందనుకున్నాను. తలుపేసి అడ్డగడియ పెట్టాను. పెట్టాను, నాకు బాగా గుర్తు. అది బిగుసుకుపోతే భుజంతో నెట్టాను కూడా.

వాడు మొదలెట్టాడు.

వాము నీళ్ళు పట్టాను. కక్కాడు. తమలపాకు వెచ్చచేసి పొట్ట మీద వేశాను. తన్నేశాడు. కుంపటి ఆరిపోయింది. బుడ్డిలో కిరసనాయిలు అయిపోయింది. ఆ రోజుల్లో కిరసనాయిలు దొరకడమే గగనం. ఇక చీకటి… వాన… వాడి ఏడుపు. ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచాను. నాపరాళ్ళ గచ్చు అరికాళ్ళకి చల్లగా తగిలేది. మొదట పాట పాడాను. తర్వాత ప్రార్థన చేశాను. తర్వాత బతిమాలాను. ఆ తర్వాత తిట్టాను. నెలల బిడ్డని… నోటికొచ్చినట్టు తిట్టాను.

తర్వాత తిట్టే ఓపిక కూడా పోయింది.

అప్పుడు అనిపించింది. నేలకేసి కొడితే ఊరుకుంటాడు అని.

కోపంతో కాదు. కోపం రావడానికైనా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. ఊరికే, దీపం ఆర్పేద్దాం అనుకున్నంత మామూలుగా అనిపించింది. అనిపించి ఊరుకుందా… నా చేతులు వాణ్ణి పైకెత్తాయి. తల పైదాకా. కింద గచ్చు ఎంత గట్టిదో నా కాళ్ళకి తెలుస్తోంది.

"ఇటియ్యమ్మా."

నా ఎదురుగానే. ఒక చెయ్యి దూరంలో.

"ఎవురూ?" అన్నాను.

"నేనేలే. ఇటియ్యి."

ఆడగొంతు. కాస్త బొంగురుగా ఉంది. అత్త వచ్చేసింది అనుకున్నాను. అంతే అనుకున్నాను. నా చేతుల కిందకి రెండు చేతులు వచ్చాయి. వెచ్చగా ఉన్నాయి. బిడ్డ బరువు పోయింది. ఇచ్చేశాను.

భయం వేయలేదా అంటారు అందరూ. హాయి అనిపించింది. అంత హాయి నాకు పెళ్ళిలో కూడా లేదు.

గోడకి జారగిలపడి కూర్చున్నాను. కళ్ళు తెరిచినా చీకటే, మూసినా చీకటే. చీర గరగరలాడింది. వానలో వచ్చిన మనిషి చీర గరగరలాడుతుందా… ఆ మాట అప్పుడు తట్టలేదు. పొగాకు వాసన వచ్చింది. మా అత్త పొగాకు వేయదు. ఈమె ఎప్పుడు నేర్చిందబ్బా అనుకున్నాను గానీ, అడగడానికి నోరు లేవలేదు.

చెయ్యి తట్టుతోంది. మెత్తగా… ఆగి… మళ్ళీ మెత్తగా.

"గాలేలే… పోద్ది. గాలేలే… పోద్ది."

వాడి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. వెక్కిళ్ళు మూలుగులోకి దిగాయి. ఓ పెద్ద తేన్పు… వెనకే ఓ చిన్న పిత్తు. నవ్వకండి. ఆ చప్పుడు కోసం నేను ఎన్ని రాత్రులు కాచుకు కూర్చున్నానో! ఆ తర్వాత ఇల్లంతా సద్దుమణిగింది. చూరు నీళ్ళు బయట రాయి మీద పడే చప్పుడు ఒక్కటే… టప్… టప్…

ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

మెలకువ వచ్చేసరికి తలుపు సందుల్లో వెలుగు ఉంది. నేను నేల మీదే ఉన్నాను. వాడు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. నా పాతచీర మడతపెట్టి చుట్టూ దన్నుగా పెట్టి ఉంది. అత్తకి ఇవాళ కాళ్ళు పట్టాలి అనుకుంటూ లేచాను.

తలుపు కొట్టారు.

"ఎవురూ?"

"నేనేనే. తలుపు తియ్యి."

మా అత్త గొంతు.

బయట నుంచి…

నేను తలుపు వైపు చూడలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశాను. పొయ్యి దగ్గర మూల ఇంకా చీకటిగా ఉంది. మంచం కింద చీకటిగా ఉంది. ఎవరూ లేరు. ఉన్నది ఒక్క గది, ఎక్కడ దాక్కుంటారు? అడ్డగడియ నేను నెట్టిన చోటే బిగుసుకుని ఉంది. మళ్ళీ భుజంతో నెట్టి తీశాను.

అత్త మోకాళ్ళ దాకా బురదతో నిలబడి ఉంది.

"వాగు రాత్రంతా దాటనియ్యలా. పిల్లోడేడే? ఏందే… ఏడవట్లేదేంది?"

నన్ను తోసుకుని లోపలికి వచ్చింది. వాడి ముక్కు కింద వేలు పెట్టి చూసింది. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు. మెల్లగా వెల్లకిలా తిప్పింది. బొడ్డు చుట్టూ గుండ్రంగా ఎండిపోయిన ఇంగువ పూత ఉంది.

"ఇంగువ యాడిదే?"

"నువ్వే గదా అత్తా రాత్రి…"

ఆమె తన చెంగు వైపు చూసుకుంది. చెంగుకి ముడి ఉంది. ముడిలో దాచేపల్లి కొట్లో కొన్న ఇంగువ, పొట్లం విప్పకుండా ఉంది.

జరిగింది చెప్పాను. వాణ్ణి పైకెత్తిన సంగతి కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నిద్రమత్తులో నువ్వే రాసుంటావులే" అంది. మళ్ళీ తనే లేచి డబ్బా మూత తీసి చూసింది, వాసన చూసింది, మూత పెట్టేసింది. ఆ మాట ఇక ఎత్తలేదు. మోకరించి ప్రార్థన చేయించింది. సాయంత్రానికి బిడ్డ అరికాలిలో నల్లచుక్క ఉంది. మా ఇంట్లో అలాంటివి లేవు. ఎవరు పెట్టారో నేను అడగలేదు.

మా ఆయన నవ్వేశారు. పిచ్చమ్మ పిన్ని మళ్ళీ తాయెత్తు మాట తెచ్చింది. పాస్టరుగారు దేవదూత అన్నారు. దేవదూతలు పొగాకు వేస్తారా అయ్యగారూ అని అడగబోయి నోరు మూసుకున్నాను. వాడు ఆ తర్వాత కూడా ఏడ్చాడు. కానీ నా చేతికి గాలి కదలడం మొదలైంది. ఎవరు నేర్పారంటే ఏం చెప్పను?

ఇక్కడితో అయిపోతే నేను మీకు చెప్పేదాన్నే కాదు.

ఏళ్ళు గడిచాయి. అత్త పోయింది. ఆయనా పోయారు. పంటినొప్పికని పిచ్చమ్మ పిన్ని అలవాటు చేసిన పొగాకు నా దవడలో ఉండిపోయింది. నరసరావుపేటలో పెద్దాడి ఇల్లు. అదే, ఆ ఏడుపు పిల్లాడి ఇల్లు. వాడి ఆఖరి కొడుకు అచ్చం తండ్రే, పొద్దుగూకితే అందుకునేవాడు. ఓ వానరాత్రి కరెంటు పోయింది. పక్కగదిలో కోడలు పచార్లు చేస్తోంది. పాట అయింది. ప్రార్థన అయింది. బతిమాలడం అయింది. తిట్లూ అయ్యాయి… ఆ తర్వాత కోడలి గొంతు ఆగిపోయింది. పిల్లాడి ఏడుపు మాత్రం కాస్త పై నుంచి వినిపించింది.

ఆ ఎత్తు నాకు తెలుసు.

ఎలా లేచానో, ఎలా నడిచానో! చీకట్లో ఆమె ఎదురుగా నిలబడి చేతులు చాపాను.

"ఇటియ్యమ్మా."

"ఎవురూ?"

"నేనేలే. ఇటియ్యి."

ఇచ్చేసింది. గోడకి జారి కూర్చున్న చప్పుడు వినిపించింది. నేను కాళ్ళు చాపుకుని వాణ్ణి బోర్లా వేసుకున్నాను. చెయ్యి తన పని తాను మొదలెట్టింది. నోరు కూడా.

"గాలేలే… పోద్ది."

నా చెయ్యి ఆగిపోయింది.

నా నోట్లోంచి ఆ గొంతు. ఆ బొంగురు. మరిచిపోతే కదా గుర్తు తెచ్చుకోవడానికి.

ఆనాడు పల్లెలో విన్న మాట మనసులో ఉండిపోయి అలాగే అన్నానేమో. పొగాకు వేసే ఆడవాళ్ళందరి గొంతులూ ముదిరేసరికి ఒక్కలాగే అవుతాయేమో. ఏమో… పిల్లాడు కదిలాడు. మళ్ళీ తట్టడం మొదలుపెట్టాను. తేన్చాడు. నిద్రపోయాడు. గోడవారన కోడలు కూడా నిద్రపోయింది. నేను మాత్రం వాణ్ణి దించకుండా తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

ఎవరూ అని కోడలు అడిగింది. నేనే అన్నాను. కానీ ఆ రాత్రి ఆ చీకట్లో నేను చేతులు చాపింది ఎవరి ముందో… కోడలి ముందేనా… గట్టిగా చెప్పమంటే చెప్పలేను.