ఆరు వందల పెట్టెలు మూగబోయిన సాయంత్రం

మా మేనత్త రత్నావతికి వార్తలు చదివే ఉద్యోగం దొరికేనాటికి పంతొమ్మిదేళ్ళు. అది పంతొమ్మిది వందల యాభై మూడు. మలయాలో పేరాక్ నది మీద, హుటాన్ మెలింటాంగ్‌కి దగ్గర్లో ఉన్న పట్నంలో ఒక చిన్న కంపెనీ తీగ రేడియో నడిపేది. స్తంభాల మీదుగా తీగలు లాగి కాఫీ కొట్లకీ, దుకాణాలకీ, చుట్టుపక్కల కొబ్బరి తోటల్లోని కూలీల లైన్లకీ, అంటే వరస ఇళ్ళకీ, తలా ఒక చెక్కపెట్టె బిగించేవారు. పెట్టెకి ఒకటే మీట, గొంతు పెంచడానికీ తగ్గించడానికీ. స్టేషన్లు మార్చుకోవడం ఉండదు. కంపెనీ ఏది పంపితే అదే వినాలి. ఆ తోటల్లో తెలుగువాళ్ళు ఎక్కువ కాబట్టి సాయంత్రం ఆరున్నరకి పది నిమిషాలు తెలుగు వార్తలు, ఏడింటికి తమిళం.

మా తాత అచ్చయ్య అలాంటి ఒక తోటలో కిరాణి, అంటే ఆఫీసు గుమాస్తా. కూతురికి తెలుగు రాయడం, చదవడం ఆయనే నేర్పాడు. ఇంగ్లీషు బడిలో నేర్చుకుంది. కౌలాలంపూర్ నుంచి ఇంగ్లీషులో వచ్చే వార్తలు విని, గబగబా కాగితం మీద తెలుగు చేసి, అద్దాల గదిలో కూర్చుని చదవడం అత్త పని. అప్పటి మేనేజరు మణియం పెద్దాయన. ఆయన నేర్పింది ఒకటే: "రేషన్ జాబితా చదివినట్టు చదువమ్మా. ఏడవొద్దు, నవ్వొద్దు. ఒక్క మాట కలపొద్దు."

ఆ రోజుల్లో అదే మంచిదనిపించేది. బ్రిటిష్ ప్రభుత్వం అడవిలోని తిరుగుబాటుదార్లతో పోరాడుతున్న ఎమర్జెన్సీ కాలం. లైన్ల చుట్టూ ముళ్ళకంచె. ఆరింటికి గేటు మూసేవారు. పొద్దున పనిలోకి పోయేటప్పుడు అన్నం మూట కట్టుకున్నా నేరమే, అడవిలో ఉన్నవాళ్ళకి అందుతుందని. ఆ అడవిలో ఉన్నవాళ్ళని కమ్యూనిస్టులని ఎవరూ అనేవారు కాదు. "లోపలివాళ్ళు" అనేవారు, అదీ గొంతు తగ్గించి. ఎవరు లోపలివాళ్ళకి బియ్యం ఇస్తున్నారో, ఎవరు పోలీసులకి కబురిస్తున్నారో ఎవరికీ తెలీదు. పక్కింటివాడు దగ్గినా ఎందుకు దగ్గాడా అని ఆలోచించే కాలం.

యాభై ఆరులో కంపెనీ చేతులు మారింది. పెనాంగ్ వ్యాపారి ఒకాయన కొన్నాడు. మణియం గారిని ఇంటికి పంపి దొరసామి అనే కొత్త మేనేజరుని పెట్టాడు. దొరసామి తెలుగువాడే, సింగపూర్‌లో ఇలాంటి కంపెనీలోనే పని నేర్చుకున్నాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, చురుకైన మనిషి. వచ్చిన వారంలోనే అత్తని పిలిచి కూర్చోబెట్టాడు.

"రత్నా, నీ వార్తలు విన్నాను. వినేవోళ్ళకి నిద్దరొస్తాది. పుస్తకం బాస ఎందుకు? ఇంట్లో మీ అమ్మతో ఎలా మాటాడతావో అలా సెప్పు. సదవకు, సెప్పు."

"అలా సెప్తే నవ్వరేటి సార్?"

"నవ్వితే నవ్వనీ. వింటారు కదా."

వార్తలకి ముందు డోలు మోత వచ్చింది. మధ్యలో పళ్ళపొడి కంపెనీ పాట వచ్చింది. వార్త చిన్నదైంది, వేగం పెరిగింది. "నిన్న ఏటైందంటే" అని మొదలుపెట్టడం అత్తకి మొదట సిగ్గనిపించింది. నెల తిరక్కుండా అదే ఇష్టమైంది. తోటల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. రాయడం రానివాళ్ళు కూడా ఎవరిచేతో రాయించేవారు. రెండు వందల పెట్టెలు కొన్ని నెలల్లోనే ఆరు వందలయ్యాయి. అత్త బజారుకి వెళ్తే గొంతు విని గుర్తుపట్టేవారు. దొరసామి చెప్పింది నిజమేనని ఆవిడ చివరిదాకా ఒప్పుకునేది. చెడ్డవాడు కాదనీ అనేది.

అతనికున్న పట్టుదల ఒకటే, పేర్లు. "ఇద్దరు కూలీలు అంటే ఎవడికి కావాలి? పేరు సెప్పు, ఊరు సెప్పు. తెలిసిన పేరు వినబడితే పెట్టె దగ్గర్నుంచి లేవరు." పెళ్ళి కబుర్లకీ ఫుట్‌బాల్ పోటీలకీ అది బాగానే నడిచింది.

ఆ ఏడాది నవంబరులో ఒక సాయంత్రం ఆరుంబావుకి దొరసామి అత్త బల్ల మీద ఇంగ్లీషులో రాసిన ఒక చీటీ పెట్టాడు. ముందురోజు నది సముద్రంలో కలిసేచోట మడ అడవుల్లో సైనికులు లోపలివాళ్ళు ఇద్దర్ని కాల్చి చంపారు. కౌలాలంపూర్ వార్తలో "స్థానికంగా అందిన సమాచారం మీద" అని మాత్రమే ఉంది. చీటీలో అంతకన్నా ఎక్కువ ఉంది. సమాచారం ఇచ్చినవాడు ఫలానా తోటలో కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో పనిచేసే పోలయ్య. పీచు గుట్టలో దాచిన బియ్యం డబ్బా చూసి చెప్పాడు.

అది మా తాత పనిచేసే తోట. పోలయ్యని అత్త చిన్నప్పటినుంచీ మావా అని పిలిచేది. ఆయన భార్య కన్నమ్మ అత్తకి జడలు వేసిన మనిషి.

"ఇది ఎవరు సెప్పినారు సార్?"

"గేటు కాపలా కానిస్టేబుల్ ఒకడు. టీ కొట్లో సెప్పినాడు. నిజమే, ఇంకో ఇద్దర్ని అడిగినాను. మన తెలుగోడు, దైర్యం సేసినాడు. పళ్ళపొడోళ్ళు బహుమతి కూడా ఇస్తామంటున్నారు. ఇది మొదటి వార్త, పేరుతో సెప్పు."

"నాను సెప్పను సార్."

దొరసామి అర్థంకానట్టు చూశాడు.

"లైన్లో అందరూ వింటారు. ఆ బియ్యం డబ్బా పెట్టినోడు కూడా ఆ లైన్లోనే ఉంటాడు. వోడూ వింటాడు. పోలయ్య మావ రేపు పొద్దున కొట్టంలోకి ఎలా పోతాడు?"

"గేటు దగ్గర వోడు టీ కొట్లో సెప్పేసినాడంటున్నాను కదా. అందరికీ తెలిసిపోయిందే. మనం సెప్పకపోతే ఆగిపోద్దా?"

"టీ కొట్లో నలుగురికి తెలుసు. మనం సెప్తే ఆరు వందల ఇళ్ళు."

గోడ గడియారం ఆరు ఇరవై ఎనిమిది చూపిస్తోంది. దొరసామి చీటీ వెనక్కి తీసుకున్నాడు. "నీ ఇష్టం. నీ తెలుగులో మానేయ్. ఏడింటికి తమిళం నాదే. నాను సెప్తాను."

అత్త ఆరున్నరకి వార్తలు చెప్పింది. ఆ రోజు తను ఏం చెప్పిందో ఆవిడకి ఒక్క ముక్క గుర్తులేదు. అద్దంలోంచి పక్కగదిలో దొరసామి తమిళం కాగితాలు సర్దుకోవడం కనబడుతోందట. బయటికి వచ్చాక మళ్ళీ బతిమాలింది. మా తాత పేరు చెప్పింది, కన్నమ్మ పేరు చెప్పింది, నలుగురు పిల్లలున్నారని చెప్పింది. అతనికి కోపం కూడా రాలేదు. "నువ్వు ఊరికే బయపడతన్నావు. పేరు బయటికొస్తే పోలీసులే కాపాడతారు. పేరు తెలీనోడికన్నా పేరున్నోడికే బద్రం" అన్నాడు. అతను దాన్ని నమ్మాడు. అదే అత్తకి మరీ భయం కలిగించింది.

తోటకి ఫోన్ చేసింది. ఆఫీసు ఐదింటికే మూసేస్తారు. మోగి మోగి ఆగిపోయింది.

యంత్రాల గదిలో లెచ్చుమనన్ ఉన్నాడు. తీగలన్నిటికీ ధ్వని పంపే పెద్ద యంత్రాన్ని చూసుకునే తమిళ మనిషి. అత్త అతనికి తమిళంలో సంగతంతా చెప్పింది. మెయిన్ మీట ఎక్కడుందో ఆవిడకి తెలుసు, అతని కుర్చీ వెనక గోడకి.

"అన్నా, ఏడింటికి అది తీసేయండి."

"నాకు ముగ్గురు పిల్లలమ్మా. ఇంకెక్కడ పని దొరుకుతుంది?"

ఏడైంది. డోలు మోత వచ్చింది. గదిలో చిన్న స్పీకర్లో దొరసామి గొంతు మొదలైంది, ఉత్సాహంగా, బాగా. లెచ్చుమనన్ కాసేపు నేల చూశాడు. తర్వాత లేచి, "నేను నీళ్ళు తాగి వస్తాను" అని బయటికి వెళ్ళిపోయాడు. కుర్చీ ఖాళీగా ఉంది.

అత్త వెంటనే చెయ్యి వెయ్యలేదు. ఇది మాకు చెప్పిన ప్రతిసారీ అక్కడ ఆగేది. దొరసామి ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుంటాడేమో అనుకుందట. ఉద్యోగం పోతుందని అనుకుందట. జైలు కూడా గుర్తొచ్చిందట. దొరసామి మొదటి వార్త అందుకున్నాడు. మడ అడవి, తుపాకులు, ఇద్దరు చనిపోవడం. "ఈ సమాచారం ఇచ్చిన వీరుడు ఎవరో తెలుసా?" అని మా తాత పనిచేసే తోట పేరు చెప్పాడు. "అక్కడ కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో పనిచేసే..."

అత్త రెండు చేతులతో మీట కిందికి లాగింది.

ఆరు వందల పెట్టెలు ఒక్కసారిగా మూగబోయాయి. దొరసామి అద్దాల గదిలో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఎవరికీ వినబడకుండా. ప్రసారం నడుస్తోందని చూపే ఎర్రదీపం ఆరిపోయిందని చూసుకున్నాక లేచి వచ్చాడు. మీట దగ్గర అత్త నిలబడి ఉంది. అతను ఆ మీటని మళ్ళీ పైకెత్తడానికి చెయ్యి చాపాడు. ఆవిడ పక్కకి జరగలేదు. ఆడపిల్లని తోసెయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు.

అప్పుడే ఫోన్లు మోగడం మొదలైంది. లోపలివాళ్ళు తీగలు తెంపేశారనీ, దాడి చెయ్యబోతున్నారనీ ఊరంతా అనుకుంది. హుటాన్ మెలింటాంగ్‌లో కొట్ల తలుపులు మూసేశారు. పది నిమిషాల్లో పోలీసు జీపు కంపెనీ గుమ్మంలో ఆగింది. తుపాకులతో దిగిన వాళ్ళ ముందు ఒక మలయ్ ఇన్‌స్పెక్టర్.

"ఎవరు ఆపారు?"

"నేనే" అంది అత్త.

"ఎందుకు?"

దొరసామి మాట్లాడబోయాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపి, అత్తని చెప్పమన్నాడు. ఆవిడ అద్దాల గదిలో దొరసామి బల్ల మీద వదిలేసిన చీటీ తెచ్చి అతని చేతికిచ్చింది. అతను చదివాడు, రెండోసారి చదివాడు. ఫోన్ దగ్గరికి వెళ్ళి మలయ్‌లో వేగంగా మాట్లాడాడు. ఆ మాటల్లో తోట పేరూ, పోలయ్య పేరూ అత్తకి అర్థమయ్యాయి. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "నువ్వు చేసింది కూడా నేరమే, తెలుసా" అన్నాడు. స్టేషన్‌కి తీసుకెళ్ళి వాంగ్మూలం రాసుకున్నారు. కేసు పెట్టలేదు. దొరసామి ఆ రాత్రే అత్తని ఉద్యోగంలోంచి తీసేశాడు.

పోలయ్యనీ కన్నమ్మనీ పిల్లల్నీ ఆ పూటే లారీ ఎక్కించి తీసుకుపోయారని మర్నాడు మా తాత వచ్చి చెప్పాడు. ఎక్కడికో ఎవరికీ తెలీదు. ఇంట్లో పొయ్యి మీద కూర అలాగే ఉందట.

తర్వాత ఏడు నెలలు అత్త ఇంట్లోనే ఉంది. తోటలో కొందరు ఆవిడతో మాట్లాడ్డం మానేశారు. ఏ పక్షమో తెలియని మనిషితో మాట్లాడ్డం ప్రమాదమని. మా తాత మాత్రం, "నువ్వు సేసినావు, బాగానే సేసినావు, ఇంక తిండి తిను" అనేవాడు.

యాభై ఏడు జూన్‌లో దొరసామి స్వయంగా ఇంటికి వచ్చాడు. కొంచెం చిక్కాడు. మా తాత కుర్చీ వేశాడు, కాఫీ ఇప్పించాడు. చాలాసేపు వానల గురించి మాట్లాడాక అసలు సంగతికి వచ్చాడు.

"తెలుగు వార్తలకి ఇద్దర్ని పెట్టి సూసినాను. జనం పెట్టెలు తిరిగిచ్చేస్తన్నారు. ఆగస్టులో మెర్దెకా వస్తాది, మన సొతంత్రం. ఆ రోజు నువ్వు సెప్పాల రత్నా."

"పేర్ల సంగతేటి సార్?"

అతను కప్పు కింద పెట్టాడు. "ఆ కొట్టంలో పనిసేసే ఇంకో మనిసిని జనవరిలో కొట్టినారు. పోలయ్యతో కలిసి పోలీసులకి కబురిచ్చినోడు నువ్వేనా అని. సెయ్యిరిగింది. నాను ఆస్పత్రికి ఎల్లి సూసినాను."

"పోలీసుల కాగితంలో లేని పేరు మన గదిలోకి రాకూడదు. రాసి తలుపు మీద అంటిస్తే వస్తాను" అంది అత్త.

అతను అక్కడే కాగితం అడిగి రాసిచ్చాడు.

ఆగస్టు ముప్పై ఒకటి పొద్దున, కౌలాలంపూర్ స్టేడియంలో జరుగుతున్నది ఒక చెవికి పెట్టుకున్న యంత్రంలో వింటూ, అత్త వెంటవెంటనే తెలుగులో చెప్పింది. కాగితం లేదు. "ఇప్పుడే కొత్త జెండా ఎక్కుతున్నాది. పెద్ద మంత్రి మెర్దెకా అని ఏడుసార్లు కేకేసినారు, జనం కూడా ఏస్తన్నారు" అంది. లైన్లలో జనం పెట్టె ముందు నిలబడి విన్నారు. కంచె మాత్రం ఆ రోజు కూడా ఉంది, గేటు ఆరింటికే మూశారు.

అరవైలో ఎమర్జెన్సీ ఎత్తేసిన వార్త చదివిన వారానికి పోలయ్య దగ్గర్నుంచి మా తాతకి ఉత్తరం వచ్చింది. పోర్ట్ స్వెట్టెన్‌హామ్‌లో, ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ అంటున్నారు, గిడ్డంగిలో బస్తాలు మోస్తున్నాడు. అత్త ఆదివారం రైలెక్కి వెళ్ళింది.

రేవు వెనక చెక్క ఇల్లు. పోలయ్య తల నెరిసింది. ఆవిడని చూసి నవ్వాడు, కూర్చోమన్నాడు. కన్నమ్మ పలకరించలేదు. పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

"ఆ రోజు మేం పెట్టె ముందే ఉన్నాం పాపా" అన్నాడు పోలయ్య. "కొబ్బరి ఎండబెట్టే కొట్టం అన్నాడు, గొంతు పోయినాది. కొట్టంలో మేం నలుగురం. లైనంతా మా నలుగురి మొకాలు సూసినారు. ఒకరు కాదు, అందరూ. ఎవురూ మాటాడలేదు. లారీ వచ్చేదాకా ఆ సూపులు అలాగే ఉన్నాయి. నాను సావు సూసినాను గానీ, అలాంటిది సూడలేదు."

కన్నమ్మ వెనక్కి తిరక్కుండానే అంది, "ఇంకో నిమిసం ముందు తీసుంటే మా ఇంట్లో మేం ఉండేవోళ్ళం. ఆ సెయ్యిరిగినోడి సెయ్యి కూడా ఉండేది."

"అవునత్తా" అంది రత్నావతి. "ఆ నిమిసం నాదే. బయపడినాను."

పోలయ్య ఏదో సర్దిచెప్పబోయాడు. కన్నమ్మ అతన్ని ఆగమని సైగ చేసి, చేతులు తుడుచుకుని వచ్చి అత్త ముఖంలోకి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి కంచం తెచ్చి ఆవిడ ముందు పెట్టి, అన్నం వడ్డించింది.